వానలు తెరిపిచ్చాయి: పొద్దున్నే ఏం తింటున్నారు, పెరట్లో ఏం కాస్తోంది, ఎక్కడ నడుస్తున్నారు?

పెరటి పందిరి | తెనాలి | అక్టోబరు 6, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా చినుకు లేదు. పొద్దున్న తలుపు తీసేసరికి పారిజాతాలు రాలి వాకిలి తెల్లబడి ఉంటోంది, మధ్యమధ్య కాషాయం కాడలు. తొక్కకుండా వెళ్ళాలంటే గోడవారగా నడవాలి. ఉక్క పోయి, చలి ఇంకా రాని ఈ ఆశ్వయుజ, కార్తీకాలంటే నాకు ఏడాది మొత్తం మీద ప్రాణం.

ఈ రోజు పెసరట్టు వేశాను. పొట్టు పెసలు రాత్రే నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి వేసి కాస్త బరకగా రుబ్బుకుంటాను. ఉల్లిపాయ సగం చెక్కను నూనెలో అద్ది పెనం మీద రుద్దితే అట్టు అంచు దానంతట అదే లేస్తుంది. నంజుకోవడానికి బీరపొట్టు పచ్చడి. పాదున చివరి కాపు కాయలు నాలుగు దొరికాయి. కాయలు కూరకు, చెక్కు పచ్చడికి. చెక్కును సన్నని సెగ మీద నూనెలో గలగలలాడేదాకా వేయించి, మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండు చేర్చి రోట్లో నూరాను. మిక్సీలో వేస్తే ఆ కరకర పోతుంది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని తింటుంటే ఎండ నెమ్మదిగా మెట్టు మెట్టూ ఎక్కి వచ్చింది.

రెండు విషయాలు అడగాలని రాస్తున్నాను. మొదటిది చిక్కుడు. మా అత్తగారి నాటి విత్తనం, ఏటా కట్టి దాచుకుంటాం. జూన్ ఆఖరున గింజ పెట్టాను. పందిరి నిండా అల్లుకుంది, కింద నిలబడితే ఎండ పొడ పడదు. కానీ ఒక్క మొగ్గ లేదు. పక్కింటి వాళ్ళు గుప్పెడు యూరియా వేయమంటున్నారు. వేయవచ్చా?

రెండోది నడక. మా చుట్టూ మాగాణి. నేను రోజూ కాలువ గట్టు మీద నడుస్తాను, అది బాగానే ఉంటుంది. కానీ దీపావళికి పిల్లలు వస్తున్నారు. వాళ్ళను ఒక పూట చెట్ల మధ్యకు తీసుకెళ్ళాలని ఉంది. దగ్గర్లో ఎక్కడైనా ఉందా?

విత్తనాల సంచి | కర్నూలు | అక్టోబరు 6, ఉదయం 9:15

అమ్మా, యూరియా వేయకండి. ఇప్పటికే ఆకు బలంగా ఉందని మీరే అంటున్నారు. నత్రజని ఇంకా అందితే తీగ మరింత సాగుతుందే గాని పూయదు.

మన పాత పందిరి చిక్కుడు రకాలు చాలావరకు పగలు తగ్గితేనే పూతకు వస్తాయి. జూన్ నెలాఖరులో మన వైపు పగలు 13 గంటలకు కాస్త పైనే ఉంటుంది. అక్టోబరు చివరికి పదకొండున్నర గంటల దగ్గరికి దిగుతుంది. రాత్రి పెరిగిందని మొక్కకు తెలిశాకే మొగ్గ తొడుగుతుంది. జూన్‌లో పెట్టినా, ఆగస్టులో పెట్టినా అవి కాసేది చలికాలపు ముంగిట్లోనే. నేల మీద పొదలా పెరిగే కొత్త రకాల్లో కొన్నిటికి ఈ పట్టింపు లేదు, వాటి సంగతి వేరు.

ఒక మాట చెప్పండి. ఆ పందిరి మీద రాత్రిపూట దీపం వెలుగు పడుతోందా? వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు తిరిగినవాణ్ణి. వీధి దీపం కింద పాదు పూయక, దాని పక్కదే విరగబూసిన ఇళ్ళు నాకు తెలుసు.

పెరటి పందిరి | తెనాలి | అక్టోబరు 6, ఉదయం 10:02

అయ్యో, ఉందండి! వేసవిలో మా వీధిలో దొంగతనం జరిగింది. అప్పటి నుంచి పెరటి వసారాలో పెద్ద దీపం తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది. సరిగ్గా పందిరికి ఎదురుగా. అంతకు ముందు ఏళ్ళలో అది లేదు. ఈ రాత్రి నుంచే ఆర్పేస్తాను. తలుపుకు ఇంకో గడియ పెట్టిస్తాను.

తంగేడు | సిద్దిపేట | అక్టోబరు 7, ఉదయం 6:30

బతుకమ్మ రోజులు కదా, మా నడకంతా పూల కోసమే. చీకటితోనే నేను, మా ఆడబిడ్డ, ఆమె కూతురు గంపలు తీసుకుని చెరువు వెనక గుట్ట వైపు వెళ్తున్నాం. తంగేడు గుట్ట మొదట్లోనే దొరుకుతుంది. గునుగు కోసం మాత్రం చేల గట్ల వెంట చాలా దూరం పోవాలి. కలుపు మందు కొట్టిన చేల పక్కన గునుగు కనిపించడం లేదు, అది చూస్తే మనసు చివుక్కుమంటుంది. దొరికిన చోట తెల్లని కంకులు చివర లేత గులాబీ రంగుతో, మంచు పట్టి బరువుగా వంగి ఉంటాయి. కోస్తుంటే చేతులు తడిసిపోతాయి. తిరిగి వస్తూ మా పెరట్లో గుమ్మడి పూలు కూడా తెంపుకుంటాం. మగ పూలే తెంపాలని మా అత్తమ్మ ఆజ్ఞ, లేకపోతే సంక్రాంతికి గుమ్మడికాయ ఉండదు.

ఇంటికొచ్చాక మక్క గారెలు. ఈ రోజుల్లో వాటికి మించిన టిఫిను లేదు. కంకిలో గింజకు గోరు గుచ్చితే పాలు చిందాలి, కానీ మరీ నీళ్ళలా కారకూడదు. మరీ లేతవైతే గారె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. గింజలు ఒలిచి పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర వేసి నీళ్ళు పోయకుండా రుబ్బాలి. ఉల్లిపాయ ముక్కలు, కరివేపాకు, కొత్తిమీర కలిపి, తడి చేత్తో తట్టి వేయాలి. పైన కరకర, లోపల తీపి. నిన్న ఐదుగురం కలిసి పదిహేను కంకులు ఖాళీ చేశాం.

టేమ్స్ తీరం | స్లౌ, ఇంగ్లండు | అక్టోబరు 8, రాత్రి 11:20

తంగేడు అక్కా, మీ గారెలు చదివి నిద్ర పట్టడం లేదు.

ఇక్కడ తోట సర్దే కాలం వచ్చేసింది. ఇంటికి పది నిమిషాల దూరంలో పురపాలక సంఘం అద్దెకిచ్చే తోట మడి ఒకటి నాకుంది. ఏ రాత్రైనా మంచు గడ్డకట్టవచ్చు, కట్టిందా టమాటా మొక్కలు తెల్లారేసరికి నల్లబడిపోతాయి. అందుకని ఆదివారం పండనివన్నీ కోసేశాను, సుమారు నాలుగు కిలోలు. ఇంగ్లీషువాళ్ళు వాటితో వెనిగరు, చక్కెర పోసి తీపి చట్నీ కాస్తారు. నేను పచ్చి టమాటా పచ్చడి చేస్తాను, నువ్వులు వేయించి, పచ్చిమిర్చి దండిగా వేసి. పక్క మడి పెద్దాయనకు ఒక సీసా ఇచ్చాను. ఆయన తన సీసా నాకు ఇచ్చాడు. రెండూ ఇప్పుడు మా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి.

వారాంతంలో బర్నమ్ బీచెస్ అనే అడవికి వెళ్తాం, మాకు బాగా దగ్గర. పేరులో బీచ్ ఉన్నా సముద్రం కాదు, బీచ్ అనేది చెట్టు. వందల ఏళ్ళ కిందట వంటచెరకు కోసం మనిషి ఎత్తుకు పైన కొమ్మలు నరుకుతూ వచ్చారట. నరికిన ప్రతిసారీ కొత్త కొమ్మలు పుట్టి, మొదళ్ళు బుడిపెలు తిరిగి, లోపల తొర్రలు పడి, ముసలి ఏనుగు కాళ్ళలా ఉంటాయి. 1880లో ఇళ్ళ స్థలాలుగా అమ్ముడుపోకుండా లండన్ నగర కార్పొరేషను కొని కాపాడింది. ఇప్పుడు ఆకు రాగి రంగుకు తిరుగుతోంది. మా అమ్మాయి ఆ ఆకుల గుట్టలో మోకాళ్ళ దాకా దిగి నడుస్తుంది. ఆ చప్పుడు వినడానికే నేను వెనకబడి నడుస్తాను.

విత్తనాల సంచి గారూ, మూడేళ్ళుగా ఇక్కడ చిక్కుడు పెడుతున్నాను. ఎప్పుడూ ఆకే, కాయ లేదు. మీ జవాబు చదివాక అనుమానం వచ్చింది. దీపాలేమీ లేవు మరి.

విత్తనాల సంచి | కర్నూలు | అక్టోబరు 9, ఉదయం 6:05

మీ దగ్గర దీపం సూర్యుడే బాబూ. జూన్‌లో మీకు పగలు పదహారున్నర గంటలు. అది 12 గంటలకు దిగేది సెప్టెంబరు ఆఖరున. అప్పుడు మొగ్గ తొడుగుదామని మొక్క అనుకునేసరికి చలి వచ్చి పడుతుంది. అక్కడి వాళ్ళు ఎర్ర పూల తీగ చిక్కుడు ఒకటి పెంచుతారు కదా, అది వేసవిలోనే కాస్తుంది. లేతగా కోసి నార తీసి, మన చిక్కుడులాగే కొబ్బరికారంతో వండుకోండి. ఇంకో మాట, ఇక్కడి నుంచి ఎవరైనా గింజలు కవరులో పెట్టి పంపుతామంటే వద్దనండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మీ దేశంలోకి విత్తనం రానివ్వరు. ఒక తెగులు సముద్రం దాటితే ఎంత నష్టమో నేను చూసినవాణ్ణి.

మిద్దె తోట | హైదరాబాదు | అక్టోబరు 9, రాత్రి 9:30

టేమ్స్ తీరం గారి టపాకు ఒక చిన్న చేర్పు. ఇంగ్లీషు పాఠాల్లో వచ్చే ‘ఆటమ్’ను మనం ఆకురాలు కాలం అని తర్జుమా చేసి చదువుకున్నాం. నాకు చిన్నప్పటి నుంచి అది అర్థమయ్యేది కాదు, ఎందుకంటే అక్టోబరులో మా ఊళ్ళో ఒక్క చెట్టూ ఆకు రాల్చదు. మన అడవి ఆకు రాల్చేది శిశిరంలో, నీళ్ళు కరువయ్యే ముందు. వాళ్ళ చెట్టు చలికి భయపడుతుంది, మన చెట్టు దాహానికి. శరత్తులో మన అడవి నిండుకుండ. ఆ నిండుతనం చూడాలంటే ఇప్పుడే వెళ్ళాలి.

మేము పోయిన ఆదివారం వికారాబాదు అనంతగిరికి వెళ్ళాం. ఇక్కడి నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. నగరంలో ఆ నదిని చూసి ముక్కు మూసుకునే మా అబ్బాయి, అక్కడ రాళ్ళ మధ్య పారుతున్న సన్నని నీటి పాయలో చెయ్యి పెట్టి, ఇదేనా అని రెండుసార్లు అడిగాడు.

బాట మీద జాగ్రత్తగా నడవాలి, పాములకే కాదు, సాలెగూళ్ళకు కూడా. వానలు తగ్గాక పెద్ద అడవి సాలీడు బాటకు అడ్డంగా రెండు చెట్ల మధ్య గూడు కడుతుంది, మీటరుకు పైగా వెడల్పు. ఎండ తగిలితే ఆ దారాలు బంగారంలా మెరుస్తాయి. మధ్యలో కూర్చున్న ఆడది కాళ్ళతో కలిపి అరచేయంత ఉంది. అదే గూట్లో ఓ మూల చీమంత ఎర్రని మగది. మా అబ్బాయి దాన్ని పిల్ల అనుకున్నాడు. గూడు తెగకుండా ఒక్కొక్కరం వంగి కింది నుంచి దాటాం.

మిద్దె మీద సొరపాదుకు పిందెలు నిలవడం లేదని రెండు నెలలు బాధపడ్డాను. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఐదో అంతస్తుకు ఆ వేళ పురుగులు రావడం లేదు. ఇప్పుడు రోజూ ఏడింటికి టార్చి పట్టుకుని నేనే వెళ్తున్నాను. పొడవాటి కాడ ఉన్నది మగ పువ్వు. రేకులు తీసేసి, నూగు పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో పుప్పొడి అద్దాలి. మూడు కాయలు దిగాయి. మొన్న ఒకటి కోరి బియ్యప్పిండిలో కలిపి రొట్టె కాల్చాం.

కొండబాట | విశాఖపట్నం | అక్టోబరు 12, ఉదయం 10:45

ఈ తేదీన నేను ఎక్కడున్నా మా ఊరి పక్క అడవి కొండ, కంబాలకొండకే వెళ్తాను. 2014లో ఇదే రోజు హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద తీరం దాటింది. ఆ తరువాత కొండ చూస్తే ఏడుపొచ్చింది. నిలబడిన చెట్టుకు కూడా ఒక్క ఆకు లేదు, విరిగిన మోళ్ళే. పచ్చదనం మళ్ళీ చూస్తానని అనుకోలేదు. ఈ రోజు అదే బాటలో ఆకాశం కనిపించనంత నీడ. పడిపోయిన మానుల పక్కల నుంచే పిలకలు లేచి ఇంటి ఎత్తు దాటాయి. ఒక మోడు చుట్టూ చెయ్యి వేసి చూశాను, నాలుగు కాండాలు దానికి ఇప్పుడు.

నడక అయ్యాక అభయారణ్యం బయటికి వచ్చి దిబ్బరొట్టె తిన్నాం. మా అమ్మ నేర్పిన తీరు: మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద అరగంట. తొందరపడితే లోపల పచ్చి. అడుగు ఎర్రగా పెంకు కట్టాలి. ముక్కలు కోసి బెల్లం పాకంతో పాటు డబ్బాలో తీసుకెళ్ళాను. చల్లారినా బాగుంటుంది, నడకకు అదే దాని గొప్ప.

పెరటి పందిరి గారూ, మీ పిల్లలతో కొండవీడు వెళ్ళండి. నా చదువు నరసరావుపేటలో సాగింది, ఆ కొండ నాకు బాగా తెలుసు. గుంటూరు నుంచి గంట లోపే. రెడ్డిరాజుల కోట గోడలు, బురుజులు, కొండ మీద చెరువులు, దారంతా పొదలు. పైదాకా వాహనం వెళ్ళే దారి ఉంది, కానీ కొంత దూరమైనా మెట్ల దారిన నడిపించండి. తెల్లవారి ఏడింటికల్లా అక్కడ ఉండాలి.

పాలమూరు | మహబూబ్‌నగర్ | అక్టోబరు 13, మధ్యాహ్నం 1:10

సీతాఫలం ఊసే లేకుండా ఇన్ని టపాలా! మా దగ్గర గంపలు గంపలు దిగుతున్నాయి. కాయ మీది కళ్ళు విచ్చుకుని, సందుల్లో తెలుపు తిరిగితేనే కోతకు వచ్చినట్టు. అలాంటివి కొని గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెడితే రెండు మూడు రోజుల్లో మాగుతాయి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెడితే నల్లబడి గిడసబారుతుంది. గింజ నమలకండి, పిల్లలకు గింజ పొడి కంట్లో పడనివ్వకండి, చాలా ప్రమాదం.

అడవికి వెళ్ళేవాళ్ళకు ఒక మనవి. శ్రీశైలం దారిలో నల్లమల దగ్గర కార్లు ఆపి చెట్ల మీది కాయలు తెంపుకునేవాళ్ళను చూస్తుంటాను. అవి చెంచుల చేతికందే ఈ కాలపు నాలుగు రూపాయలు. వాళ్ళు గంప నింపి రోడ్డు పక్కన కూర్చుంటారు. వాళ్ళ దగ్గర కొనండి, బేరం ఆడకండి.

తంగేడు | సిద్దిపేట | అక్టోబరు 13, సాయంత్రం 5:00

పాలమూరు అన్నా, ఈ మాట చెప్పినందుకు దండం. పూల విషయంలోనూ మేము అదే పాటిస్తాం. ఒక్కో పొద దగ్గర సగమే తెంపుతాం.

పెరటి పందిరి | తెనాలి | అక్టోబరు 18, ఉదయం 7:05

మొగ్గ వచ్చింది! విత్తనాల సంచి గారూ, మీకు చేతులెత్తి నమస్కారం. దీపం ఆర్పి పన్నెండో రోజు. అదీ ఎటువైపు అనుకున్నారు, వసారాకు దూరంగా, జామచెట్టు నీడలో దీపం అంతగా పడని మూల. దీపం ఎదురుగా ఉన్న సగంలో ఇంకా ఆకే. ఒకే పాదు, ఒకే మొదలు, ఒకే నీరు. చేతికర్రతో ఆకులు తప్పించి లెక్కపెట్టాను, ఆరు గుత్తులు, ఊదా రంగు మొటిమల్లా.

విత్తనాల సంచి | కర్నూలు | అక్టోబరు 18, ఉదయం 8:20

చాలా సంతోషం అమ్మా. ఆ మూలకు మొదటి నుంచీ చీకటి అందుతోంది, అందుకే ముందు తొడిగింది. మిగతా సగానికి ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి. ఇక పేనుబంక మీద కన్ను వేసి ఉంచండి. పూగుత్తి కాడకు నల్లగా పట్టుకుంటుంది. తక్కువగా ఉంటే నీళ్ళు గట్టిగా చిమ్మితే రాలిపోతుంది. ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లండి. పేనుబంకను తినే అక్షింతల పురుగులు కనిపిస్తే మాత్రం ఏమీ చల్లకండి, వాటికే వదిలేయండి.

టేమ్స్ తీరం | స్లౌ, ఇంగ్లండు | అక్టోబరు 28, రాత్రి 9:10

నిన్నటితో గడియారాలు గంట వెనక్కి జరిగాయి. సాయంత్రం ఐదుకే చీకటి. పొద్దున మాత్రం వెలుగు ముందే వస్తోంది, అందుకని బడికి ముందు మా అమ్మాయితో మడి దాకా నడిచి వస్తున్నాను. అద్దాల గదిలో కుండీ గోంగూర ఇంకా బతికే ఉంది. నాలుగు రెమ్మలు మిగిల్చి మిగతాది కోసి పప్పులో వేశాను. ఆ పులుపు నాలుక్కి తగిలినప్పుడు మా అమ్మాయి ఒక కన్ను మూసి నవ్వింది.

పెరటి పందిరి | తెనాలి | నవంబరు 4, సాయంత్రం 6:30

పిల్లలు నిన్న బయలుదేరి వెళ్ళారు. శనివారం కొండవీడు వెళ్ళాం. నాలుగున్నరకు లేచి పులిహోర కలిపాను, చలికి చేతులు వేడి వేడి అన్నంలో పెట్టడం ఎంత హాయి! మెట్ల దారి మొదట్లో మంచు, గడ్డి అంతా తడి. పాత గోడ మీద రావిమొక్క ఒకటి రాయిని చీల్చుకుని పెరిగింది. మా మనవడు దాని వేరు ఎక్కడి దాకా వెళ్ళిందో చూడాలని గోడ పొడుగునా నడిచాడు. పైన చెరువు గట్టున కూర్చుని తిన్నాం. మాట్లాడుకోవడానికి ఏమీ లేనట్టు అందరం చాలాసేపు నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాం. మా పెద్దబ్బాయి ఫోను బయటికి తీయలేదు.

చిక్కుడు మాత్రం వాళ్ళున్నప్పుడు పిందె దశలోనే ఉంది.

పెరటి పందిరి | తెనాలి | నవంబరు 10, ఉదయం 8:15

మొదటి కోత. చిన్న చేట నిండా వచ్చాయి. దీపం వైపు సగం కూడా పూతకు వచ్చింది, దాని మీద తుమ్మెదలు మూగుతున్నాయి. పేనుబంక రెండు గుత్తులకే పట్టింది, అక్షింతల పురుగులు చేరాయి కాబట్టి ముట్టుకోలేదు.

అరుగు మీద కూర్చుని నార తీశాను. లేత కాయ తుంచితే టప్పుమంటుంది, వేళ్ళకు ఆ పచ్చి వాసన మధ్యాహ్నం దాకా పోదు. సగం అల్లం, పచ్చిమిర్చి నూరి వేసి కూర వండాను. మిగతా సగం తడిగుడ్డలో చుట్టాను. ఎదురింటి అబ్బాయి ఈ మధ్యాహ్నం రైలుకు హైదరాబాదు వెళ్తున్నాడు, రాత్రికి మా వాళ్ళింట్లో ఉంటాయి.

జామచెట్టు మూలన మొదట పూసిన ఆ ఆరు గుత్తుల్లో ఒకటి కోయలేదు. మా అత్తగారు చేసినట్టే దాని కాడకు ఎర్రదారం కట్టాను. కాయలు ఎండి గలగలమనేదాకా పాదునే ఉంచి, రథసప్తమి దాటాక గింజ తీస్తాను. తంగేడు గారూ, పాలమూరు గారూ, మీకు కావాలంటే చెప్పండి, తలా పది గింజలు పంపుతాను. రాత్రి దీపం తగలని చోట పెట్టండి.